తడి అన్న మాట

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు మేఘన మోటార్‌సైకిల్ క్లచ్‌లో గాలి తీస్తుంటే దాని లివర్ పట్టుకుని నిలబడ్డాను. ఎన్నిసార్లు నొక్కానో లెక్క పెట్టుకున్నాను. మొదట ఇరవై నాలుగు, అవి దండగైన తర్వాత మళ్ళీ నలభై రెండు, మొత్తం అరవై ఆరు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక ఫ్యాక్టరీ తనిఖీ విభాగంలో పనిచేశాను. కొలవకుండా ఒక వస్తువును చేతిలోకి తీసుకోవడం నాకు చేతకాదు. గ్యాస్ సిలిండర్ మార్చిన తారీఖు, నీళ్ళ ఫిల్టర్ మార్చిన తారీఖు, మా అత్త రక్తపోటు పొద్దునా సాయంత్రం ఎంతో, అన్నీ ఒక నోటుబుక్కులో ఉంటాయి. డెబ్బై ఒక్క ఏళ్ళలో నేను కావాలని రాసుకోని రోజు ఒకటే ఉంది. దాని తారీఖు అడిగితే చెప్పలేను. అప్పటికి నాకు పన్నెండేళ్ళు, వానలు ఇంకా మొదలు కాలేదు, అంతవరకే.

మేఘన ఇక్కడే బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తుంది. వారం రోజులుగా సిగ్నల్ దగ్గర దాని బండి మొరాయిస్తూ ఉంది. క్లచ్ పూర్తిగా నొక్కి పట్టుకున్నా బండి ముందుకు పాకుతుందట, న్యూట్రల్ పడదట. ఈ బండికి క్లచ్ తీగ లేదు. లివర్ నొక్కితే సన్నటి గొట్టంలో ఉన్న ఆయిల్ కదిలి ఇంజన్ దగ్గర క్లచ్‌ను తోస్తుంది. ఆ ఆయిల్లోకి గాలి చేరితే నొక్కిన బలం గాలిని అణచడానికే సరిపోతుంది. షాపులో ఇస్తే రెండు రోజులు పెట్టుకుంటారని ఆ పిల్ల సొంతంగా చేస్తానంది. పోర్టికోలో బండిని నిలబెట్టి, ఆ ఆయిల్ పడితే రంగు పోతుందని ట్యాంకు మీద పాత దుప్పటి కప్పింది. హ్యాండిల్ మీద ఉన్న చిన్న ఆయిల్ డబ్బా మూత రెండు స్క్రూలు తీసి నాకు ఇచ్చింది. నేను వాటిని సాసర్‌లో పెట్టాను. కింద ఇంజన్ పక్కన, ఆయిల్ బయటికి వదిలే చిన్న నిప్పిల్‌కు సన్నటి పారదర్శకమైన ట్యూబు తొడిగి, రెండో కొసను కొంచెం ఆయిల్ పోసిన సీసాలోకి దించింది. పని మాత్రం నాకు నేర్పాల్సిన అవసరం లేకపోయింది. ఐదు సార్లు నొక్కాలి, ఆరోసారి నొక్కి అలాగే పట్టుకోవాలి, కింద ఉన్న మనిషి నిప్పిల్ కొద్దిగా విప్పాలి, ఆయిల్‌తో పాటు బుడగలు బయటికొస్తాయి, మళ్ళీ బిగించాలి, బిగించానని చెప్పిన తర్వాతే పైన ఉన్న మనిషి వదలాలి. ముందే వదిలితే వెళ్ళిన గాలి వెనక్కి వస్తుంది. ఇదంతా నేను అప్పజెప్పినట్టు చెబితే మేఘన స్పానర్ చేత్తో పట్టుకుని నా వైపు చూసింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. మీ ముత్తాత వ్యాన్ దగ్గర అన్నాను. అంతకు మించి చెప్పలేదు.

అంతా సరిగ్గానే జరుగుతూ ఉంది. బుడగలు పెద్దవి పోయి చిన్నవి వస్తున్నాయి. ఇరవై నాలుగోసారి నేను నొక్కి పట్టుకుని ఉండగా నిప్పిల్ మీంచి ట్యూబు ఊడింది. మేఘన కింద నుంచి "తడి, తడి అవ్వా" అంది. నా వేళ్ళు విప్పుకున్నాయి.

కన్నడంలో తడి అంటే ఆగు అని. ఈ ఊళ్ళో ఇది కన్నడమని ఎవరూ అనుకోరు, తెలుగు మాట్లాడుతూ కూడా అందరూ అంటారు. పాలవాడితో, ఆటో వాడితో, పొయ్యి మీద పొంగుతున్న పాలతో నేను కూడా తడి అనే అంటాను. దాదాపు అరవై ఏళ్ళుగా అంటున్నాను. అయినా కింద నుంచి, ఆ ఆయిల్ వాసనలో నుంచి ఆ మాట వచ్చేసరికి నా చేయి నన్ను అడగకుండా వదిలేసింది. మేఘన తిట్టుకుంటూ "నాదే అవ్వా, ట్యూబ్ సరిగ్గా తొడగలేదు. మళ్ళీ ఫస్ట్ నుంచి" అంది. ఆ పిల్ల వేళ్ళు తుడుచుకుని, డబ్బాలో ఆయిల్ నింపి, మళ్ళీ ట్యూబు తొడుగుతున్నంతసేపూ ఆ మాట అలాగే ఉండనిచ్చాను. తర్వాత ఎప్పటికో, ముప్పయ్యో నొక్కు దగ్గర అనుకుంటాను, లివర్ వదిలింది నేనే అని చెప్పాను. "తెలుసు కదా అవ్వా, పెద్ద బుడగలు మళ్ళీ వస్తున్నాయి" అని నవ్వింది. దానికి అది ఒక విషయమే కాదు. గాలి పోయింది, చూసింది, మళ్ళీ తీస్తోంది. పోర్టికోకు ఎదురుగా ఉన్న గది కిటికీలోంచి మా అత్త మమ్మల్ని చూస్తూ కూర్చుని ఉంది.

ఈ అత్త మా నాన్నకు చెల్లెలు. ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్ళు. ఆమెకు పిల్లలు లేరు. మా ఊరు ప్రొద్దుటూరు పక్కన. ఐదో తరగతి తర్వాత అక్కడ నన్ను చదివించే వీలు లేక నాన్న నన్ను తీసుకొచ్చి బెంగళూరులో అత్త ఇంట్లో వదిలిపెట్టాడు. అది ఎనిమిది ఇళ్ళ వఠారం. అందరికీ కలిపి ఒక నీళ్ళ తొట్టి, వరుసగా తలుపులు. మా ఇల్లు ఏడోది. ఒక గది, ఒక వంటిల్లు, వంటింట్లో కిరసనాయిలు స్టవ్వు. పొద్దున లేచేసరికి మూడు వాసనలు వరుసగా వచ్చేవి. మొదట కిరసనాయిలు, తర్వాత కాఫీ డికాక్షన్, తర్వాత మామ బ్రేక్ ఆయిల్. మామ ఒక పాత వ్యాన్ నడిపేవాడు. ఊదొత్తుల కార్ఖానాకు పొద్దున పద్నాలుగు మంది ఆడవాళ్ళను తీసుకెళ్ళి సాయంత్రం తీసుకొచ్చేవాడు. వ్యాన్ పని ఒక్కటి కూడా బయటి వాళ్ళతో చేయించేవాడు కాదు. ఆయన దగ్గర స్పానర్లు ఒక గుడ్డ సంచిలో చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో ఉండేవి. వాడిన దాన్ని తుడవకుండా సంచిలో పెట్టేవాడు కాదు. నట్టు బిగించాక దాని మీద సుద్దముక్కతో చిన్న గీత గీసేవాడు, బిగించానో లేదో అని రెండోసారి వెతుక్కోకుండా. ఉద్యోగంలో నన్ను మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఆ గీతే కనపడేది. నేను కొలిచే పద్ధతంతా ఆయన దగ్గర తీసుకున్నదే.

మామ బెంగళూరులోనే పుట్టి పెరిగాడు. ఆయన తెలుగులో సగం కన్నడం. నాకు కన్నడం ఒక్క ముక్క రాదు. వచ్చిన కొత్తలో ఆయన మాట్లాడుతుంటే నేను అర్థమైన మాటలను పట్టుకుని, అర్థం కానివాటిని ఊహించుకుని తలాడించేదాన్ని. అడిగితే పల్లెటూరిదాన్ని అనుకుంటారని నా భయం. వఠారంలో పిల్లలు అప్పటికే నా యాసను వెక్కిరిస్తూ ఉండేవాళ్ళు. అత్త కూడా నవ్వేది, ఆమె కూడా ఒకప్పుడు నాలాగే వచ్చిందని మరిచిపోయినట్టు.

వ్యాన్ బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. అంతకు ముందు అత్త పెడల్ తొక్కేదట. నేను వచ్చాక ఆ పని నాకు వచ్చింది. నా కాళ్ళు అందవని సీటు కొసన దిండు పెట్టి కూర్చోబెట్టేవాడు. "పట్టు" అంటే తొక్కి పట్టుకోవాలి, "వదులు" అంటే పాదం ఎత్తాలి. ఆ రెండు మాటలు ఆయన ప్రత్యేకంగా తెలుగులో నా కోసం పెట్టాడు. మామకు నా మీద ఆపేక్ష ఎంతో దాన్ని బట్టి తెలుస్తుంది. అందరికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరి చక్రం దాకా రావాలి. ట్యూబు నల్లటి రబ్బరుది, అందులో బుడగ పోతున్నదీ లేనిదీ కనపడదు. పెడల్ పాదం కింద ఎంత గట్టిగా ఉందో నేను చెప్పేదే లెక్క.

నేను వచ్చి అప్పటికి రెండు మూడు నెలలే. ఆ రోజు ఆయన తొందరలో ఉన్నాడు. ముందు రోజు చక్రం లోపలి రబ్బరు మార్చాడు, తెల్లవారేసరికి గాలి తీసి బండి కదిలించాలి. మూడు చక్రాలు అయ్యాయి. నాలుగోదాని దగ్గర నేను పట్టుకుని ఉన్నాను. నిప్పిల్ విప్పగానే రబ్బరు ట్యూబు ఊడి ఆయిల్ ఆయన మోచేయి దాకా పడింది. ఇది తర్వాత తెలిసింది, నాకు కనపడలేదు. నాకు వినపడింది ఒక్కటే. "తడి, తడి అప్పా." మా ఊళ్ళో తడి అంటే తడే. చేయి తడిసింది, పని అయిపోయిందన్నాడు అనుకున్నాను. పాదం ఎత్తేశాను. పెడల్ ఒక నిట్టూర్పు లాంటి చప్పుడుతో పైకొచ్చింది. ఆయన కింద తడుముకుని నిప్పిల్ బిగించేశాడు.

ఇంతవరకు ఒక పల్లెటూరి పిల్ల చేసిన పొరపాటు. దీని గురించి నేను ఎవరికైనా చెప్పగలను, నవ్వుతూ కూడా చెప్పగలను. నన్ను ఈ ఇంట్లో ఒక చోట కూర్చోనివ్వకుండా తిప్పుతున్నది ఆ తర్వాతిది. మామ కింద నుంచి బయటికి వస్తుంటే నేను పెడల్ మీద పాదం పెట్టి చూశాను. అది మెత్తగా ఉంది. మిగతా మూడు చక్రాలప్పుడు లేని మెత్తదనం, సగం దాకా దిగిపోయింది. ఏదో తప్పు జరిగిందని అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు. అడిగితే నాకు భాష రాదని బయటపడుతుంది. నేను మూడుసార్లు వెంటవెంటనే తొక్కాను. అలా తొక్కితే కాసేపు గట్టిపడుతుందని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గట్టిపడింది. మామ తలుపు దగ్గరికొచ్చి చేయి తుడుచుకుంటూ "గట్టిగా ఉండాదా?" అన్నాడు. "ఉంది మామా" అన్నాను. ఆయన కూడా చేత్తో ఒకసారి నొక్కి చూశాడు. అప్పుడే తొక్కి ఉన్నాను కాబట్టి గట్టిగానే ఉంది. సీటు మీది దిండు తీసి నన్ను దించాడు.

కార్ఖానాకు వెళ్ళే దారిలో ఒక దిగుడు ఉంది. అక్కడ పెడల్ అడుగు దాకా దిగిపోయింది. మామ వ్యాన్‌ను రోడ్డు పక్క మట్టి గుట్ట మీదికి ఎక్కించాడు. ఎవరూ పోలేదు. రెండో వరుసలో కూర్చున్న ఒకామె మణికట్టు విరిగింది. కార్ఖానా వాళ్ళు బండి మాన్పించారు. మామ అందరి ముందూ, నిప్పిల్ బిగించడంలో తన చేయి తప్పిందని ఒప్పుకున్నాడు. ట్యూబు ఊడినప్పుడు కంగారుపడ్డానని, చూసి బిగించలేదని చెప్పాడు. సుద్ద గీత గీశారా అని అత్త అడిగింది. గీయలేదన్నాడు. ఆ ఒక్క మాట మీద అత్త ఆయనను ముప్పై రెండేళ్ళు ఇంట్లో దేని మీదా చేయి వేయనివ్వలేదు. అది ఆయన పోయేదాకా. కుళాయి కారితే బయటి మనిషి, ఫ్యూజు పోతే బయటి మనిషి, కుర్చీ కాలు వదులైతే బయటి మనిషి. "మీ చెయ్యి వద్దు" అనేది, గట్టిగా కూడా కాదు, ఉప్పు అందివ్వమన్నట్టు. ఆయన ఒక గోడౌన్‌లో రాకపోకలు రాసే పని చూసుకున్నాడు. స్పానర్ల సంచి అటక మీదికి పోయింది. వచ్చిన మనిషి పని చేస్తున్నంతసేపూ మామ పక్కన బకెట్ పట్టుకుని నిలబడేవాడు. ఒక్కోసారి వాడు తప్పు సైజు స్పానర్ పెడితే ఆయన వేళ్ళు కదిలేవి. నోరు కదిలేది కాదు.

తడి అంటే ఏమిటో నాకు మూడు వారాల తర్వాత బడిలో తెలిసింది. నీళ్ళ కుండ దగ్గర నేను తోసుకుని వెళ్తుంటే ఒకమ్మాయి చేయి అడ్డం పెట్టి తడి అంది. నీళ్ళు పడ్డాయేమో అని నేను కిందికి చూశాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ సాయంత్రం మామకు చెప్పాలని గడప దాకా వెళ్ళాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రేపు చెబుదాం అనుకున్నాను. అలా పదో తరగతి అయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన ఆరు రోజులు కూర్చున్నాను. నిమిషానికి ఎన్ని సెలైన్ చుక్కలు ఎక్కుతున్నాయో రాసుకున్నాను.

ఆదివారం పదకొండింటికల్లా క్లచ్ పని అయిపోయింది. చివరి పది నొక్కుల్లో బుడగ రాలేదు. లివర్ గట్టిగా ఉంది. మేఘన నన్ను కూడా నొక్కి చూడమంది. నేను వెంటవెంటనే కాకుండా, ఐదు నిమిషాలు ఆగి, ఒక్కసారే నొక్కి చూశాను. గట్టిగానే ఉంది. ఆయిల్ పడిన చోటంతా నీళ్ళతో కడిగి ఆ పిల్ల ఒక చుట్టు తిరిగొస్తానని వెళ్ళింది. నేను సాసర్ కడిగాను, దుప్పటి మడిచాను, మడిచినదాన్ని విప్పి మళ్ళీ మడిచాను. వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానో తెలియక తిరిగొచ్చాను. అత్త కిటికీ దగ్గర నుంచి "ఏంటికట్ల తిరుగుతా ఉండావు రత్నా? కూర్చోరాదా" అంది.

కూర్చుని చెప్పాను. నాలుగో చక్రం దగ్గర మామ ఏమన్నాడో, నేను ఏమనుకున్నానో చెప్పాను. అత్తకు చెవులు బాగానే వినపడతాయి. అయినా ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. చెప్పాక ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"తడి అన్న్యాడా ఆయప్ప," అంది. "నేను ఎన్ని తూర్లు చెప్పింటినో. పిల్ల మన ఊరినుంచి వచ్చిండాది, దాంతో తెలుగులో మాట్లాడప్పా అని. వింటే గదా."

పమిట కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆయనను ఇంకా తిట్టింది. పెళ్ళయిన కొత్తలో తనకు కూడా ఇలాగే ఒకటి జరిగిందని, సాకు అంటే చాలు అని తెలియక అందరికీ వడ్డిస్తూనే పోయానని చెప్పింది. ఆమె ముఖం అంత తేలికగా ఉండటం నేను ఈ మధ్య చూడలేదు. నీ తప్పేముందిలే, పసిదానివి, అంది. అక్కడితో ఆపి ఉండవచ్చు. నేను లేచి పోర్టికోలోకి వెళ్ళాను. మేఘన ఇంకా రాలేదు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి మనసు తేలికైంది, ఇప్పుడు దాన్ని మళ్ళీ బరువు చేయడం ఎవరి మేలు కోసమని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. నా మేలు కోసమేనేమో. కానీ ఆమె చేతిలో పెట్టింది సగం లెక్క, అది తప్పు లెక్క. దాని మీదే ఆమె మామను ఇంకోసారి తప్పు పట్టింది. నా మాట వల్ల ఇప్పుడు రెండోసారి తప్పు ఆయనదయింది.

తిరిగి లోపలికి వెళ్ళాను. ఈసారి కూర్చోలేదు.

"అత్తా, పెడల్ మెత్తగా ఉండింది. నాకు తెలిసింది. మూడు తూర్లు తొక్కి గట్టి చేసినా. మామ అడిగితే గట్టిగా ఉందని చెప్పినా."

అత్త నన్ను చూసింది. ఆమె నవ్వు వెంటనే పోలేదు. ముఖం మీద అలాగే ఉండి, పని లేనట్టు ఉండి, తర్వాత పోయింది. కిటికీ ఊచ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రాస్తూ కూర్చుంది.

"బయటి మనిషిని పిల్చుకోని రమ్మని," అంది చివరికి, "ప్రతి తూరీ నిన్నే గదా పంపిస్తి."

"అవునత్తా."

"పోతివి."

"పోయినాను."

"ఆయప్ప చూస్తా ఉండంగనే చెప్పులేసుకోని పోతివి. పిల్చుకోని వస్తివి." అత్త గొంతు హెచ్చలేదు. "నేనన్నా తెలీక చేస్తి."

ఎదురుగా నిలబడే ఉన్నాను. బయట బండి చప్పుడు వినపడింది. మేఘన గేటు తీసి, బండి ఆపి, న్యూట్రల్ ఒక్క దెబ్బకు పడిందని అక్కడి నుంచే చెప్పింది. అత్త ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే వచ్చింది, తిన్నది. సాయంత్రం రక్తపోటు చూస్తానని పట్టీ తీసుకుని వెళ్ళాను. చేయి చాపలేదు. మేఘనను పిలవమంది.

నేను వెళ్ళి మేఘనను పిలుచుకొచ్చాను.